నరిటా రైల్లో నీలం చొక్కా

జపాన్ వెళ్ళొచ్చి రెండు నెలలైంది, కనబడ్డ ప్రతివాళ్ళూ ఫ్యుజి చూశావా, బుల్లెట్ ట్రైన్ ఎక్కావా అనే అడుగుతున్నారు. ఎక్కాను, బానే ఉంది. ఫ్యుజి మబ్బుల్లో ఉంది, కనబడలా. వాటి గురించి ఇప్పటికే బోలెడంతమంది రాశారు కాబట్టి నేను రాయను. నాది ఒక చొక్కా పాడైపోయిన దగ్గర మొదలైన గొడవ, పెన్నుల పిచ్చి లేనివాళ్ళకి విసుగొస్తే నన్ను తిట్టుకోవద్దు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కణ్ణుంచి టోక్యో వాళ్ళ నరిటా విమానాశ్రయం. దిగే ముందు ఫారాలేవో నింపాలి కదా అని జేబులో ఫౌంటెన్ పెన్ను పెట్టుకుని ఎక్కా. నల్ల ఎబొనైట్ పెన్ను, అంటే గట్టి రబ్బరుది, లోపల రబ్బరు ట్యూబూ గీబూ ఏమీ ఉండవు, బారెల్ మొత్తం ఇంకే, ఫిల్లర్‌తో పోసుకోడమే. ఎప్పుడో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నా. అందులో ఇంకు సగమే ఉంది. ఇక్కడే తప్పు చేశా.

మా నాన్నగారు రాజమండ్రిలో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు. ముప్పై ఏళ్ళు పెన్నుతోనే బతుకు. ఆయన నాకు చిన్నప్పుడు చెప్పిన సూత్రాలు రెండే, అప్పిచ్చినవాడికి పెన్నివ్వకు, సగం ఖాళీ అయిన పెన్ను జేబులో పెట్టుకోకు. మొదటిదెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు గానీ రెండోది సముద్రం మీద అర్థమైంది. విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు ఊటీలో ఉన్నంతకి తగ్గిపోతుందిట, ఏడెనిమిది వేల అడుగుల ఎత్తు లెక్క, అందుకే చిప్స్ ప్యాకెట్టు దిండులా ఉబ్బుతుంది. పెన్నులో సగం ఇంకుంటే మిగతా సగం గాలే కదా, ఆ గాలి కూడా పావు వంతు పైనే ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి, వెనక దారి లేదు, ముందు ఇంకుంది, ఇంకుని తోసేస్తుంది. నిండుగా ఉంటే గాలి తక్కువ, కక్కేదీ తక్కువే. పోనీ పాళీ పైకి ఉండేలా నిలబెట్టినా గాలి వెళ్ళిపోయేది, ఇంకు కిందుండేది. నేనేమో బోర్లా జేబులో ఉంచి నిద్రపోయా. లేచేసరికి మూత నిండా ఇంకు, మూత లోంచి తెల్ల చొక్కాలోకి. రాయల్ బ్లూ. పక్కసీటాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు పాపం, ఏదో రోగమనుకున్నట్టున్నాడు.

నరిటాలో దిగాక స్కైలైనర్ అనే వేగం రైలు ఎక్కితే నలభై నిమిషాల్లో టోక్యో ఊళ్ళో ఉండొచ్చు, కానీ మామూలు రైలు యాక్సెస్ ఎక్స్‌ప్రెస్‌కి పదమూడు వందల యెన్లైతే స్కైలైనర్‌కి ఇంచుమించు రెట్టింపు, ఇరవై నిమిషాల కోసం అంత ఎందుకని అసకుసా దాకా చౌక రైలే ఎక్కా. చొక్కా మార్చుకుందామంటే బట్టలన్నీ పెద్ద సూట్‌కేసులో అడుగున, దాన్ని రైల్లో విప్పితే మళ్ళీ మూయడానికి మీద కూర్చోవాలి. అలాగే కూర్చున్నా, జేబు మీద అరచెయ్యంత నీలం మరక వేసుకుని. ఆ రైళ్ళలో ఎవరూ ఎవరినీ చూడరు అని చదివా. చూస్తారండీ. మన పాసింజర్లో అయితే ఈపాటికి నలుగురు అడిగేసి, ఒకావిడ నిమ్మకాయ రుద్దమని చెప్పేసి, ఇంకొకావిడ కాదు మజ్జిగలో నానబెట్టమని వాదన పెట్టుకుని, నా మనసు తేలికయ్యేది. ఇక్కడ అందరూ చూసి చూడనట్టు ఉంటే ఇంకా సిగ్గేసింది.

పక్కన ఒక పెద్దాయన, డెబ్భై దాటుంటాయి, బ్యాగులోంచి చిన్న టిష్యూ ప్యాకెట్ తీసిచ్చారు. తుడుచుకున్నా. జేబులోంచి పెన్ను తీసి టిష్యూలో చుడుతుంటే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, "మన్నెన్‌హిత్సు?" అన్నారు. ఆ ఒక్క ముక్క నాకు తెలుసు, పదివేల సంవత్సరాల కుంచె అని దానర్థం, వాళ్ళు ఫౌంటెన్ పెన్నుని అలా అంటారు. తలూపా. ఇక ఆయన ఫోన్ తీసి దాంట్లో జపనీస్‌లో ఏదో మాట్లాడి నాకు చూపించారు, తెలుగు ఎంచుకుని మరీ. స్క్రీన్ మీద "మీ పెన్ను వాంతి చేసుకుంది" అని ఉంది. నవ్వాగలేదు నాకు. మనమూ అదే అంటాం కదా, పెన్ను ఇంకు కక్కింది అని. యాప్ తప్పు చేసిందో ఒప్పు చేసిందో తెలీలేదు గానీ పద్నాలుగు గంటల్లో మొదటిసారి మనింటి మాట విన్నట్టుంది.

అప్పుడు చొక్కా జేబులోంచి తన పెన్ను తీశారు. నాకు మొదట ఆయన తిరగేసి పెట్టుకున్నాడనిపించింది. క్లిప్పు ఉన్న వైపు మొన ఉంది. అంటే రాసే చివరే పైకి, నొక్కే గుండీ కిందికి. మూత లేదు. బాల్‌పెన్ను నొక్కినట్టు టక్ మని నొక్కితే లోపల్నుంచి బంగారు పాళీ బయటికొచ్చింది. రీఫిల్లు కాదు, పాళీ! రసీదు వెనకాల ఏదో గీసి మళ్ళీ టక్, పాళీ లోపలికి. మొన దగ్గర కన్నంలోకి చూడమన్నారు. చిన్న తలుపుంది అందులో, మీ గోరులో సగం కూడా ఉండదు. పాళీ వస్తూ దాన్ని తోసుకుని వస్తుంది, లోపలికి పోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. పాళీ ఎండకుండా ఉండేది ఆ తలుపు వల్లే. క్లిప్పు అక్కడెందుకు పెట్టారో అప్పుడు బుర్రకెక్కింది, జేబుకి క్లిప్పు తగిలిస్తే పాళీ ఆకాశం వైపే ఉంటుంది, బోర్లా పడదు. నా చొక్కాకి జరిగింది దానికి జరగడం కష్టం.

అది పైలట్ అనే జపాన్ పెన్నుల కంపెనీ వాళ్ళ క్యాప్‌లెస్ అని నాకు ఫొటోల్లో తెలుసు, చేతిలోకి తీసుకోడం అదే మొదలు. 1963లో మొదటిది వచ్చింది, అది మెలితిప్పే రకం, నొక్కేది మరుసటేడు, టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడు. ఆయన గ్యాస్ మీటర్లు చదివే ఉద్యోగం చేశారట. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో పెన్ను, మరి మూత ఏ చేత్తో తియ్యాలి అని ఫోన్‌తో అడిగించారు నన్ను. మా నాన్నగారు పళ్ళతో పట్టుకునేవారు. అది అనువాదం చేయిస్తే ఏమొచ్చిందో, ఆయన నా పళ్ళకేసి చూశారు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఏం చూశానో నాకే సరిగ్గా గుర్తులేదు, గుళ్ళు, గోపురాలు, మనుషుల తొక్కిడి, శాకాహారం అని చెప్పి తిన్న నూడుల్స్‌లో చేప వాసన. బుర్రలో ఆ తలుపే తిరుగుతోంది. ఐదో రోజు టోక్యోలోనే గింజా అనే ఖరీదైన బజారుకి పోయా.

గింజా ఒకటో చోమెలో, అంటే ఒకటో పేటలో, ఒకునో బిల్డింగ్ అని ఉంది, చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో ఇది మాత్రం మన పాత సినిమాహాలు మెట్లలా మాసిపోయి ఉంటుంది. 1932లో కట్టింది. మా రాజమండ్రిలో రత్నం పెన్నులు మొదలైంది కూడా 1932లోనే, ఆ లెక్క గుర్తొచ్చి ఊరికే సంతోషమేసింది. లిఫ్ట్ తలుపులు మనమే చేత్తో లాగి మూయాలి, సరిగా మూయకపోతే కదలదు. పైన గదులన్నీ బొమ్మల గ్యాలరీలు, వాటి మధ్య మన కిళ్ళీ కొట్టంత పాత పెన్నుల కొట్టు. కొట్టాయనకి కాస్త ఇంగ్లీషొచ్చు. నేను నా పెన్ను కథ చెప్పి మరక ఫొటో చూపిస్తే, దీనికి మందు వందేళ్ళ కిందటే కనిపెట్టారు అన్నట్టు సొరుగు లాగారు.

సేఫ్టీ పెన్నులంటారు వాటిని. పేరు వింటే పిన్నీసు గుర్తొస్తుంది, కానీ ఇది భద్రమైన పెన్ను అని. అమెరికాలో మూర్ అనే ఆయన 1896లో పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత వాటర్‌మన్ వాళ్ళు, జర్మనీలో ఇప్పుడు మోంట్‌బ్లాంక్ అంటున్నవాళ్ళు 1909లో ఎర్ర టోపీ పెట్టిన నల్ల పెన్ను తెచ్చారు, అదీ ఈ జాతే. కిటుకేంటంటే పాళీ ఇంకు లోపలికి దిగిపోతుంది. వెనక గుండీ తిప్పితే లోపల మరమేకు గాడిలాంటి దాని వెంట పాళీ కిందికి జారి ఇంకులో మునుగుతుంది, అప్పుడు పెన్ను అచ్చం బుడ్డే. మూతలో బిరడాలాంటి ముక్క ఉంటుంది, బిగిస్తే బుడ్డికి బిరడా వేసినట్టే. తలకిందులు చేసినా చుక్క రాదు. ఆయన నీళ్ళు పోసి చూపించారు, మూత బిగించి నా అరచేతిలో బోర్లించారు. ఏమీ రాలా. బాగుంది కదా అని నేను తీసుకుని మన అలవాటు కొద్దీ అడ్డంగా పట్టుకుని మూత తిప్పబోయా. ఆయన నా మణికట్టు పట్టేసుకున్నారు!

నిలువుగా పట్టుకుని తియ్యాలి. తీసిన తర్వాత నిలువుగానే ఉంచి గుండీ తిప్పాలి, పాళీ పైకొచ్చి నోటికి అడ్డంగా బిగుసుకున్నాకే వంచాలి. ముందే వంచితే బుడ్డి ఒలికినట్టు మొత్తం ఒళ్ళో పడుతుంది. రాయడం అయ్యాక పాళీ లోపలికి దింపడం మర్చిపోయి మూత పెట్టావా, పాళీ మొన విరుగుతుంది. పైగా వెనక గుండీ దగ్గర ఇంకు కారకుండా బెండు చుట్టి ఉంటుంది, అది ఎండిపోతే ఆ చివర్నుంచి కారడం మొదలు. కారని పెన్ను కొన్నావయ్యా సంతోషం, ఇక నువ్వు దానికి లొంగి ఉండాలి అన్నమాట. జేబులో పెన్ను భద్రం, మనిషికే భయం. మీట లాగి ఇంకు పీల్చుకునే పెన్నులు వచ్చాక వీటి పని మెల్లగా అయిపోయింది, కొన్ని దేశాల్లో ఇంకొన్నాళ్ళు సాగాయి. ధర అడిగా. నా రిటన్ టికెట్ అంత చెప్పారు. మర్యాదగా తిరిగిచ్చేశా.

కానీ అసలు నాకు మతిపోయింది వేరే పెన్ను చూసి. దాన్ని ఆయన పెద్ద గొప్పగా కూడా చూపించలేదు. ఇంకి-దోమె అన్నారు, ఇంకు ఆపేది అని. మామూలు మన పెన్నులాగే ఉంది, ఎబొనైట్, ఫిల్లర్‌తోనే పోసుకోవాలి, బారెల్ మొత్తం ఇంకే. తేడా ఒక్కటే, బారెల్ మధ్యలోంచి సన్నటి కడ్డీ ఉంది, దాని చివర చిన్న బిరడా. వెనక గుండీ బిగిస్తే ఆ బిరడా వెళ్ళి పాళీకి ఇంకు పోయే దారి మూసేస్తుంది. రెండు చుట్లు వదులు చేస్తే తెరుచుకుంటుంది. కుళాయి! పెన్నులో కుళాయి పెట్టారు. పాళీ లోపలికీ బయటికీ తిరగడం లేదు, తలుపు లేదు, స్ప్రింగు లేదు. విమానం ఎక్కే ముందు గుండీ బిగిస్తే గాలి లోపల ఎంత ఉబ్బినా ఇంకుకి దారి లేదు, పాళీ కింద నాలికలో మిగిలిన రెండు చుక్కలు తప్ప. మా నాన్నగారి పెన్నుకీ దీనికీ తేడా ఒక కడ్డీ అంతే, ఆ కడ్డీ లేకనే మా అమ్మ ముప్పై ఏళ్ళు జేబులు ఉతికింది. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

మరి అదే కొనుక్కోవచ్చుగా అంటారు. బెండు మార్పించాలి, కడ్డీ చూపించాలి, ఏడాదికోసారి ఆయన దగ్గరికే తేవాలి అన్నారు, నేనుండేది మియాపూర్. అక్కణ్ణుంచి నడిచి ఇతోయాకి పోయా, బయట ఎర్ర పేపర్ క్లిప్పు బొమ్మ ఉంటుంది, అంతస్తులంతస్తులు కాగితాలూ పెన్నులూ. క్యాప్‌లెస్ అడిగితే ట్రే నిండా పరిచారు. పక్కనే ప్లాటినం అనే ఇంకో కంపెనీ వాళ్ళ క్యూరిడాస్ కూడా ఉంది, 2020లో వచ్చింది, అదీ నొక్కుడు పాళీయే, ప్లాస్టిక్ ఒళ్ళు, స్టీలు పాళీ, ధర సగానికన్నా తక్కువ. చాలాసేపు అటూ ఇటూ ఊగి చివరికి బంగారు పాళీదే తీసుకున్నా, పాస్‌పోర్టు చూపిస్తే పన్ను తీసేశారు, అయినా మన డబ్బుల్లో పన్నెండు వేల దాకా తేలింది. ఆ డబ్బుతో రాజమండ్రిలో నాన్నగారికి జీవితానికి సరిపడా పెన్నులొస్తాయి. బిల్లు కట్టాక ఎదురుగా కాఫీ తాగా, దాని ధర రాయను, మా అమ్మ చదువుతుంది.

తిరుగు ప్రయాణంలో పెన్నుని పాళీ పైకి పెట్టుకుని, గంటకోసారి తీసి చూసుకున్నా. ఒక్క చుక్క రాలా. క్లిప్పు అలా ఉన్నందుకో, ఉన్న కాస్త ఇంకు నిండుగా ఉన్నందుకో.

ఇంటికొచ్చిన వారానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి వెళ్ళి నాన్నగారి చేతిలో పెట్టా. అటూ ఇటూ తిప్పి, "మూతేదిరా?" అన్నారు. లేదండీ, నొక్కాలి అన్నా. నొక్కారు. పాళీ వచ్చింది. ఆయన మొహంలో ఏమీ లేదు. పాత స్టాంపు కాగితం వెనక "శ్రీరస్తు" అని రాసి, కింద సర్వే నంబరు, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు, అలవాటైన వరసలో రాసేశారు. పాళీ బాగుందన్నారు. ఈ క్లిప్పేంట్రా వేలికి అడ్డం వస్తోందన్నారు. నిజమే, పట్టుకునే చోటే ఉంటుంది అది, చాలామంది ఏడ్చేది దానికే.

"ఇంకెంత పడుతుంది?"

"అర మిల్లీ కూడా పట్టదండి. మీదాంట్లో మూడు మిల్లీల పైనే కదా."

"అయితే దీంతో దస్తావేజు సగంలో ఆగిపోద్ది. సంతకాల పెన్నురా ఇది, పార్టీలకివ్వాలి" అని తన జేబులోంచి పాత పెన్ను తీసి పక్కన పెట్టుకున్నారు. ఆ జేబు అంచున ఎప్పటిదో నీలం చుక్క ఉంది.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది, గ్యాస్ బుకింగుకి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో నంబరు రాసుకోవాల్సొస్తే దాన్నే తీస్తున్నారట. అంతవరకూ బానే ఉందిగానీ రాత్రిళ్ళు ఊరికే కూర్చుని టక్కు టక్కుమని నొక్కుతూనే ఉంటున్నారు, సీరియల్ వినబడనివ్వట్లేదు, ఇంకోటేదైనా చప్పుడు చెయ్యంది దొరకలేదా నీకు అంది.