ప్లగిన్ పోయినా ఫోన్‌లో వీడియో ఎందుకు ఆగుతుంది?

ఒకప్పుడు బ్రౌజర్లో వీడియో ఆడించిన ప్లగిన్ (బ్రౌజర్‌కు అతికించే అదనపు సాఫ్ట్‌వేర్) అయిన ఫ్లాష్‌ను ఫోన్ బ్రౌజర్లకు ఇక తయారు చేయబోమని అడోబీ 2011 నవంబరులోనే చెప్పేసింది. ఐఫోన్‌లోకి అది అసలు రానేలేదు. ఫోన్ చిప్‌లో హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే డీకోడర్ విడిగా ఉంటుంది. ప్లగిన్‌కు అది అందకపోతే ప్రతి ఫ్రేమునూ ప్రాసెసరే విప్పాలి. ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ కరిగిపోతుంది. ప్లగిన్‌కు బదులు హెచ్‌టీఎంఎల్‌లోని వీడియో ట్యాగ్ వాడితే బ్రౌజరే ఆ పనిని డీకోడర్‌కు అప్పగిస్తుంది.

వీడియోను సెగ్మెంట్లనే చిన్న ముక్కలుగా, నెట్ వేగాన్ని బట్టి క్వాలిటీ మారుస్తూ పంపడానికి ఇప్పుడున్న దారులు రెండు: 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వెలువడిన డాష్. ఒక్కటే పెట్టగలిగితే హెచ్‌ఎల్‌ఎస్ పెట్టండి. డాష్‌కు జావాస్క్రిప్ట్ ప్లేయర్ కావాలి, ఆ ప్లేయర్‌కు మీడియా సోర్స్ ఎక్స్‌టెన్షన్స్ (జావాస్క్రిప్ట్ నుంచి వీడియో ముక్కలను అందుకునే బ్రౌజర్ సదుపాయం) కావాలి. ఐఫోన్ సఫారీలో దానికి బదులుగా మేనేజ్డ్ మీడియా సోర్స్ వచ్చింది ఐఓఎస్ 17.1తోనే. సెగ్మెంట్లను ఫ్రాగ్మెంటెడ్ ఎంపీ4గా చేస్తే అవే ఫైళ్లు రెండింటికీ పనికొస్తాయి, ప్లేలిస్టులు, అంటే ముక్కల జాబితాలు, మాత్రమే వేరు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది కీఫ్రేముల దగ్గర, అంటే వేరే ఫ్రేముల సాయం లేకుండా పూర్తి బొమ్మ ఇచ్చే ఫ్రేముల దగ్గర. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ప్రతి 60 ఫ్రేములకు ఒక కీఫ్రేమ్, ఆరు సెకన్ల సెగ్మెంట్ పెట్టండి. సీన్ మారినప్పుడల్లా కీఫ్రేమ్ పెట్టే ఎన్‌కోడర్ (వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్) సెట్టింగును ఆపేయండి. లేకపోతే 360పీలో ఒకచోట, 720పీలో మరోచోట సెగ్మెంట్ తెగుతుంది. నెట్ నెమ్మదించి క్వాలిటీ మారగానే బొమ్మ ఎగిరి పడుతుంది. నింద నెట్‌వర్క్ మీదికి పోతుంది, తప్పు ఎన్‌కోడింగ్‌ది.

చిన్న క్లిప్పులకు ఇంత హంగామా అక్కర్లేదు, ఒక్క ఎంపీ4 చాలు. అయితే దాని సూచిక, అంటే మూవ్ ఆటమ్, ఫైలు మొదట్లో ఉండాలి. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫాస్ట్‌స్టార్ట్ ఫ్లాగ్ చేసేది అదే. సర్వర్ కూడా అడిగిన బైట్లు మాత్రమే 206 కోడ్‌తో (ఫైలులో కొంత భాగమే పంపుతున్నానని చెప్పే సంకేతం) పంపగలగాలి. అది చేతకాని సర్వర్ నుంచి సఫారీ వీడియో ఆడించదు. హెచ్.264 తర్వాతి తరం పద్ధతి అయిన హెచ్‌ఈవీసీలో చేసిన ఫైలుకు హెచ్‌వీసీ1 ట్యాగ్ లేకపోతే ఆపిల్ పరికరాల్లో అది తెరుచుకోదు. ఐఫోన్‌లో వీడియో పేజీలోనే ఆడాలంటే వీడియో ట్యాగులో ప్లేస్‌ఇన్‌లైన్, తనంతట తాను మొదలవ్వాలంటే మ్యూటెడ్ తప్పనిసరి.

కాపీ కాకుండా తాళం వేసి అద్దెకిచ్చే సినిమాల దగ్గర మాత్రం ప్లగిన్ల నాటి పాత తలనొప్పి పూర్తిగా పోలేదు. తాళం వేసిన వీడియోను బ్రౌజర్లో ఆడించే ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్ 2017లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది గానీ, దాని వెనక తాళం తీసే పెట్టె ఇప్పటికీ మూసే ఉంది: ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వైడ్‌వైన్, సఫారీలో ఫెయిర్‌ప్లే. ఎన్‌క్రిప్షన్‌కు సీబీసీఎస్ పద్ధతి ఎంచుకోండి. ఫెయిర్‌ప్లేకు అదే కావాలి, ఇప్పటి వైడ్‌వైన్ కూడా దాన్ని అందుకుంటుంది. వీడియోను రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేసి దాచే పని తప్పుతుంది. తాళంచెవి ఇచ్చే లైసెన్స్ సర్వర్లు మాత్రం రెండూ నడపాల్సిందే.