సమవిభవ రేఖల కోసం ఇంట్లో చేసిన గ్రాఫైట్ కాగితం

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్ర ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. సమవిభవ రేఖలు, అంటే ఒకే విభవం (వోల్టేజి) ఉన్న బిందువులను కలిపే గీతలు, గీయించే ప్రయోగానికి కావలసిన వాహక కాగితం (విద్యుత్తును ప్రసరింపజేసే కాగితం) దొరకక, ఈ ఏడాది దాన్ని మేమే తయారుచేసుకున్నాం.

అల్యూమినియం రేకు చాలదా అని పిల్లలు మొదట అడుగుతారు. దాని నిరోధం మరీ తక్కువ కనుక ఎక్కడ మీటరు ప్రోబు (కొలిచే మొన) ఆనించినా విభవంలో తేడా కనిపించదు, పైగా బ్యాటరీ షార్టయి వేడెక్కుతుంది. ఈ ప్రయోగానికి పనికొచ్చే పదార్థం ఎలక్ట్రోడ్ల (బ్యాటరీకి కలిపే లోహపు పట్టీల) కంటే ఎంతో ఎక్కువ నిరోధంతో, మల్టీమీటరు లోపలి నిరోధం (చాలా డిజిటల్ మీటర్లలో 10 మెగాఓమ్‌లు) కంటే ఎంతో తక్కువ నిరోధంతో, అన్నిటికీ మించి అంతటా ఒకే తీరుగా ఉండాలి.

శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి, కలంకారీ బొమ్మలకు తొలి గీతలు గీసే చింతబొగ్గు తెచ్చింది. నూరి జిగురుతో కలిపి పూస్తే మీటరు కదలలేదు. తక్కువ వేడిలో కాలిన బొగ్గులో కార్బన్ పరమాణువులు గ్రాఫైట్‌లో మాదిరిగా విశాలమైన పొరలుగా అమరవు కాబట్టి, నల్లగా ఉన్నంత మాత్రాన అది వాహకం కాదు. ఆ విఫలయత్నమే ఆ రోజు వాళ్లకు అన్నిటికంటే బాగా అర్థమైన పాఠమని నా నమ్మకం.

తరువాత రెండు చెంచాల గ్రాఫైట్ పొడికి ఒక చెంచా ఫెవికాల్, కొద్దిగా నీళ్లు కలిపి డ్రాయింగ్ షీటు మీద పూశాం. జిగురు ఎక్కువైతే రేణువులు ఒకదానికొకటి తగలక వాహకత్వం పడిపోతుంది. మొదటి షీటులో కుంచెను ఒకే దిశలో నడిపినందువల్ల చారలు పడి, నిటారుగా రావలసిన రేఖలు పక్కకు వాలాయి. అందుకని రెండో పూతను అడ్డంగా వేసి, పూర్తిగా ఆరనిచ్చాం. పూత సమంగా ఉందో లేదో చూడటానికి ఒక చిన్న చతురస్రం, ఒక పెద్ద చతురస్రం కత్తిరించి, ఎదురెదురు అంచుల పొడవునా రేకు పట్టీలు బిగించి కొలవాలి: పరిమాణం ఏదైనా రెండింటి నిరోధమూ ఒకటే రావాలి.

9 సెంటీమీటర్ల ఎడంతో రెండు సమాంతర పట్టీలు బిగించి 9 వోల్టులు ఇచ్చినప్పుడు, నడుమ భాగంలో విభవం సెంటీమీటరుకు సుమారు ఒక వోల్టు చొప్పున మారింది.

గ్రాఫైట్ దొరకనివారు గ్రాఫు కాగితం మీద గాజు పళ్లెం పెట్టి కుళాయి నీళ్లు పోసుకోవచ్చు. అయితే డీసీ ఇస్తే ఎలక్ట్రోడ్ల దగ్గర వాయు బుడగలు చేరి కొలతలు చెడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6 వోల్టుల ఏసీ మాత్రమే ఇచ్చి, మీటరును కూడా ఏసీకి మార్చుకోవాలి.