వాడపల్లి వెంకన్న, వడ్డీ లెక్క

శనివారం తెల్లారేసరికి రావులపాలెం సెంటర్లో ఏ ఆటో చూసినా వాడపల్లి వెంకన్న గుడికే. కొడుకు వీసా కోసం పిన్ని ఏడు వారాల మొక్కు పట్టింది, తోడు రమ్మంది. లొల్ల దాటాక చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళే రోడ్డంతా.

ఇక్కడి పద్ధతి తెలిసిందే. ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు. తోపులాటలో నా ముందు నడుస్తున్న ఇద్దరు చెరువుల రైతులు గోవిందకీ గోవిందకీ మధ్య రొయ్యల రేటు మాట్లాడుకుంటున్నారు. అమెరికా వాడు సుంకం వేశాక రేటు ఎంత పడిపోయిందో ఒకాయన చెబితే, రెండో ఆయన "మార్కెట్టు కనికరించాలి బావా" అన్నాడు. ఎదురుగా స్వామి ఉండగానే!

తప్పుపట్టడానికి చెప్పడం లేదు. దసరాల్లో అమ్మవారిని నోట్ల కట్టలతో అలంకరించి, ఆ ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకునే వాళ్ళం మనం. వెంకన్నకే అప్పు ఉంది కదా. పెళ్ళికి కుబేరుడి దగ్గర తెచ్చిన బాకీకి కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూ ఉంటాడట. అందుకే వడ్డికాసులవాడు.

క్యూలో నాకు వాల్టర్ బెన్యమిన్ గుర్తొచ్చాడు. ఈ జర్మన్ రచయిత 1921లో రెండు మూడు పేజీల చిత్తు రాత ఒకటి రాసి వదిలేశాడు. 1940లో ఆయన పోతే, అది అచ్చయింది 1985లో. పెట్టుబడిదారీ వ్యవస్థే ఒక మతం అంటాడందులో. దానికి శాస్త్రాలు లేవు, పూజ ఒక్కటే. ఆ పూజకు సెలవు రోజు లేదు. మిగతా మతాలు పాపం కడుగుతాయి, ఇది మనిషి మీద బాకీ పెంచుకుంటూ పోతుంది, ఆఖరికి దేవుణ్ణి కూడా బాకీదారుణ్ణి చేస్తుంది. ఆయన వణుకుతూ రాసిన ఆ చివరి మాట మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్పే కథ.

పార్టీలూ తక్కువ తినలేదు. తిరుగుదారిలో ఒక నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం జరుగుతోంది, పాలు డ్రైన్‌లోకి పోతున్నాయి. దేవుడు లేడన్న వాళ్ళు మాత్రం? 1924లో పోయిన లెనిన్‌ని మాస్కోలో అద్దాల పెట్టెలో ఉంచారు, జనం దశాబ్దాల పాటు వరసలో నిలబడి చూసి వచ్చారు.

అయితే బెన్యమిన్ మాట మొత్తంగా నాకు ఎక్కలేదు. గుడి బాకీకి, బ్యాంకు బాకీకి తేడా ఉంది. పిన్ని గాజులు గోల్డ్ లోన్‌లో ఉన్నాయి, ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తోంది, అసలు కదలదు. మొక్కు అలా కాదు, ఏడో వారంతో తీరిపోతుంది. ఆటోలో ఈ మాటే అన్నాను.

"ఏం తీరుతుందే? వీసా రాకపోతే మళ్ళీ ఏడు వారాలు పడతాను. అదీ తిరగరాయించడమే" అంది.

"మరి వాయిదా తప్పితే?"

"తప్పితే ఏముంది, వచ్చే శనివారం వస్తాం. ఆయన వేలం నోటీసు పంపడుగా" అని, డ్రైవర్ని పూతరేకుల కొట్టు దగ్గర ఆపమంది.