మైకు వినపడని ఇల్లు

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు, మా లంకలో ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిరిగారు. పెదనాన్న మాత్రం అరుగు మీద తాపీగా కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఆయనకు పుట్టుకతోనే వినపడదు. నేను పరుగెత్తి వెళ్లి అరచేతిలో వేలితో ‘వరద’ అని రాస్తే, లేచి ముందు గేదె పలుపు విప్పారు. మనుషుల సంగతి తర్వాత!

112కి ఫోను చేసినా మాట్లాడాలి కదా, ఆయనేం చేస్తారు?

ఇప్పుడు పక్కింటి అబ్బాయితో ఒప్పందం: రాత్రిపూట వరద హెచ్చరిక వస్తే కిటికీలోంచి మూడుసార్లు టార్చి వెలిగించాలి. హెచ్చరిక మెసేజీ వస్తే తెలిసేలా ఫోను వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచుతున్నాం. మొదటి రాత్రే అది అదిరింది. పెదనాన్న గేదెతో సహా వీధిలోకి వచ్చేశారు. చూస్తే రీచార్జి గడువు మెసేజీ.