బొమ్మలగుట్ట ఒక్క బండ కాదు, గుట్ట మొత్తం

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. బొమ్మలగుట్ట అని కూడా అంటారు. బండ మీద జైనుల దేవత చక్రేశ్వరి, జైన గురువులైన తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉంటాయి, వాటి కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం. చెక్కించింది జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. కాలం సుమారు క్రీ.శ. 945. అందులోని తెలుగు భాగం మూడు కంద పద్యాలు! అంటే నన్నయ కంటే దాదాపు వందేళ్ల ముందే మన దగ్గర చక్కగా ఛందస్సులో పద్యం రాసేవాళ్లు ఉన్నారని చెప్పే సాక్ష్యం ఇది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందని పండగ చేసుకున్నాం కదా, ఆ ప్రాచీనతకు ఋజువులు ఇలాంటి గుట్టల మీదే ఉన్నాయి. పంపడి వాళ్ల కుటుంబం వేంగి నాడులోని వంగిపర్రు నుంచి వచ్చిందన్న సంగతి కూడా ఈ శాసనంలో ఉంది.

ఇప్పుడు అసలు బాధ. కరీంనగర్ అంటే గ్రానైట్. ఇక్కడి టాన్ బ్రౌన్ రాయికి విదేశాల్లో మంచి గిరాకీ, కాకినాడ పోర్టు దాకా పోయి ఓడలెక్కుతుంది. ఊళ్ల పక్కన ఉండే గుట్టలు ఒక్కొక్కటే సగమై, తర్వాత గుంతలై పోతుంటే చూస్తూనే ఉన్నాం. బొమ్మలగుట్టకూ క్వారీల ముప్పు వచ్చింది, చరిత్ర మీద ప్రేమున్నవాళ్లు గొడవ చేస్తేనే ఆ మాట బయటికొచ్చింది. క్వారీ మీద బతికే కూలీలు, లారీ డ్రైవర్లు ఎంతమందో నాకు తెలుసు, వాళ్ల పని ఆగిపోవాలని నేను అనను. కానీ గ్రానైట్ ఉన్న గుట్టలు ఇంకా ఉన్నాయి, జినవల్లభుడి పద్యాలున్న గుట్ట ఒక్కటే.

"శాసనం ఉన్న బండ వదిలేసి పక్కన తవ్వుకుంటే ఏం పోయింది?" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. బండంతా ఒకటే రాయి, పక్కన బ్లాస్టింగ్ చేస్తే అదురు ఇక్కడిదాకా వస్తుంది, సన్నటి పగులు పడితే చాలు, దాంట్లోకి ఏటేటా వాననీళ్లు దిగి పొరలుగా లేస్తుంది. అక్షరాలు పోతే మళ్లీ చెక్కలేం కదా.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ఒకప్పుడు అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల నాటి కట్టడాల్లో కొన్నింటిని నాగార్జునకొండ మీదా, దగ్గర్లోని అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. చాలా మునిగిపోయింది, నిజమే, అయినా నీళ్లు రాకముందు చూసి రాసుకున్నారు. బొమ్మలగుట్టను అలా ఎత్తుకెళ్లి ఎక్కడ పెడతాం?

అందుకే నేనడిగేది ఇది. ఏ గుట్టకైనా లీజు ఇచ్చే ముందు పురావస్తు శాఖ మనిషి ఎక్కి చూడాలి, చూసింది కాగితం మీద రాసి గ్రామసభలో చదివి వినిపించాలి. బొమ్మలగుట్టకైతే శాసనం చుట్టూ నాలుగు గజాలు కాదు, గుట్ట మొత్తానికి హద్దులు కొలిచి రాళ్లు పాతాలి, ఆ మ్యాపు గనుల శాఖ ఆఫీసులో కూడా ఉండాలి. కరీంనగర్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పిల్లల్ని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లండి, వెళ్లినప్పుడు చుట్టుపక్కల కొత్తగా తవ్వకాలు కనిపిస్తే ఫొటో తీసి కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టండి.