బాల్టిమోర్‌లో వివియెన్ థామస్ పటం చూడడానికి వెళ్ళాం

బాల్టిమోర్ వెళ్ళిన మనవాళ్ళు ఎక్కువగా ఇన్నర్ హార్బర్‌లో ఓడలు, అక్వేరియం చూసి వచ్చేస్తారు. నేను మాత్రం జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్దామని పట్టుబట్టాను. ఆసుపత్రిలో చూసేదేముంది అని అక్క అంది కానీ బావగారు వెంటనే సరే అన్నారు. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లో మార్క్ రైలెక్కి, పెన్ స్టేషన్‌లో దిగి క్యాబ్ తీసుకున్నాం. దారిలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇటుక ఇళ్ళు, కొన్నిటి కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఆ వీధులు దాటాక ఆసుపత్రి పాత గుమ్మటం కనిపించింది.

గుమ్మటం కింద 10 అడుగులు దాటిన క్రీస్తు పాలరాతి విగ్రహం ఉంది. వచ్చేపోయేవాళ్ళు కాలి వేళ్ళు తాకి వెళ్తున్నారు. మేమూ తాకాం. నేను చూడాలనుకున్నది మాత్రం బ్లేలాక్ బిల్డింగ్‌లో ఉన్న వివియెన్ థామస్ పటం.

థామస్ నాష్‌విల్‌లో పెరిగిన వడ్రంగి కొడుకు, నల్లజాతి వాడు. డాక్టరు చదువు కోసం దాచుకున్న డబ్బంతా మహామాంద్యంలో బ్యాంకు మునిగి పోయింది. 1930లో అక్కడి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ల్యాబ్‌లో చేరాడు. షాక్ (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే ప్రమాదస్థితి) మీద ప్రయోగాలన్నీ థామస్ చేతుల మీదుగా జరుగుతుంటే, జీతం లెక్కల్లో మాత్రం ఆయన జానిటర్, అంటే ఊడ్చి తుడిచే పనివాడు! ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. 1941లో ఇద్దరూ హాప్కిన్స్‌కి వచ్చారు. అప్పుడు ఇక్కడ నల్లవాళ్ళంటే ఊడ్చేవాళ్ళే, అందుకే థామస్ తెల్లకోటు వేసుకుని నడిస్తే జనం ఆగి చూసేవారట.

పుట్టుకతో గుండెలో లోపం ఉండి, ఊపిరితిత్తులకు సరిపడా రక్తం అందక, పెదాలు, గోళ్ళు నీలంగా మారే పిల్లలకు ఏదైనా చేయండని హెలెన్ టాసిగ్ అనే పిల్లల డాక్టరు వీళ్ళని అడిగింది. చేతికి వెళ్ళే రక్తనాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపితే రక్తం అందుతుంది. చెప్పడానికి ఒక్క వాక్యం, కానీ థామస్ దాదాపు 200 కుక్కల మీద ముందు ఆ లోపం తెప్పించి, తర్వాత సరిచేస్తూ దారి కనుక్కున్నాడు. అంత సన్నని నాళాలకు సరిపడే సూదులు, నాళాన్ని బిగించి పట్టే క్లాంపులు దొరక్కపోతే ఉన్నవాటినే మార్చి తయారు చేసుకున్నాడు.

1944 నవంబర్ 29న ఐలీన్ శాక్సన్ అనే పసిపాపకు ఆపరేషన్. బరువు 4 కిలోల చిల్లర. బ్లేలాక్ థామస్‌ని పిలిపించి తన వెనకే స్టూలు మీద నిలబెట్టుకున్నాడు, ఎందుకంటే ఈ పని చేతికి బాగా అలవాటైంది థామస్‌కే. కుట్టు ఎటు పడాలో భుజం మీంచి చూస్తూ థామస్ చెబుతుంటే బ్లేలాక్ కుట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. 1945లో అచ్చయిన పేపర్‌లో మాత్రం బ్లేలాక్, టాసిగ్ పేర్లే ఉన్నాయి, థామస్ ఊసే లేదు. బ్లేలాక్ ఆయన్ని నమ్మాడు, పక్కనే ఉంచుకున్నాడు, అవన్నీ నిజమే కానీ పేరు రాయకపోవడాన్ని ఆ మంచితనంతో సరిపెట్టలేం. జీతం చాలక థామస్ బ్లేలాక్ ఇంటి పార్టీల్లోనే డ్రింకులు కలిపి అందించేవాడు, అంటే పగలు తన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లకే.

ఆ డాక్టర్లే పెద్ద సర్జన్లయ్యి, 1971లో ఈ పటం గీయించి ఇచ్చారు. అప్పటికి బ్లేలాక్ పోయి ఏడేళ్ళు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. పక్క నుంచి వెళ్ళే స్టూడెంట్లు తల కూడా తిప్పలేదు, రోజూ చూసేదే కదా. 1976లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ థామస్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. 1985లో ఆయన పోయారు.

హైదరాబాద్‌లో కూడా పిల్లలకు ఈ ఆపరేషన్ చేస్తారు, బీటీ షంట్ అంటారు, అందులో టీ అంటే టాసిగ్. ఈమధ్య థామస్ పేరూ కలిపి బ్లేలాక్-థామస్-టాసిగ్ అని రాయడం మొదలైంది. తిరుగు రైల్లో బావగారు తన స్నేహితుడైన పిల్లల గుండె డాక్టరుకు ఫోన్ చేసి మీరేం రాస్తారని అడిగారు. కొన్నాళ్ళుగా కేస్‌షీట్లో మూడు పేర్లూ రాస్తున్నానని ఆయన చెప్పారు.