బిల్లు తేదీ వేరు, డబ్బు తేదీ వేరు

2025 సెప్టెంబరు 21, ఆదివారం, మహాలయ అమావాస్య. విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి, మా బాబాయ్ షాపు షట్టరు మాత్రం సగానికి ఎత్తి ఉంది. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. వ్యాట్ రోజుల నుంచీ ఆయన పద్దులు నేనే రాస్తున్నాను కాబట్టి ఆ వరస కలిసింది. లారీల స్పేర్ పార్టులు అమ్ముతారు. క్లచ్ ప్లేట్లు, షాక్ అబ్జార్బర్లు, రేడియేటర్లు, స్టీరింగ్ రాడ్లు. తెల్లారితే కొత్త జీఎస్టీ రేట్లు వస్తాయి. పాత రేటుకి కొన్న సరుకు ఎంత మిగిలిందో ఆ రాత్రే లెక్క తేల్చుకోవాలి.

కుర్రాడు నిచ్చెన మీద నిలబడి పెట్టెల మీద నంబర్లు చదువుతున్నాడు, నేను పుస్తకంలో ఎక్కిస్తున్నాను. బాబాయ్ గల్లా దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అడిగారు:

"అమ్మాయ్, ఈ సరుకంతా 28 శాతం కట్టి కొన్నాను. రేపట్నుంచి 18కే అమ్మాలి. మధ్యలో ఆ పది శాతం ఎవరిస్తారు నాకు?"

ఆ నెలంతా ఆటోనగర్‌లో ఎవరి నోట విన్నా ఇదే ప్రశ్న. ఖాళీ క్లచ్ ప్లేట్ అట్టపెట్టె తీసుకుని, దాని వెనకాల లెక్క వేసి చూపించాను. వెయ్యి రూపాయల వస్తువు. కొన్నప్పుడు మీరు కట్టిన పన్ను 280. ఆ 280 మీ క్రెడిట్ ఖాతాలో పడింది. ఇప్పుడు మీ లాభం కలుపుకుని 1,100కి అమ్మితే 18 శాతం చొప్పున పన్ను 198. అది ఖాతాలోని 280లోంచి పోతుంది. ఇంకా 82 మీ పేరునే ఉంటుంది, ముందు నెలల పన్నుకి సర్దుకుంటుంది. పది శాతం ఎక్కడికీ పోలేదు బాబాయ్.

ఆయన ఆ అట్టముక్క తీసుకుని రెండుసార్లు చదువుకున్నారు. "పోలేదు, సరే. కానీ చేతిలో కూడా లేదు కదమ్మా" అన్నారు.

ఆ మాట నిజం. నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే.

అసలు ఆయన దగ్గర అంత సరుకు ఎందుకు మిగిలిందో చెప్పాలి. ఏటా ఆగస్టు మొదట్లోనే దసరా కోసం స్టాకు తెప్పించుకుంటారు. ఈ ఏడాదీ అలాగే తెచ్చారు. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి జీఎస్టీ తగ్గిస్తామని, అది దీపావళి కానుక అని ప్రకటించారు. మర్నాటి నుంచి షాపుకొచ్చే వాళ్ళు "తగ్గుతుందట కదా, అప్పుడు తీసుకుంటాంలే" అని వెనక్కి మళ్ళారు. బండి ఆగిపోయి గత్యంతరం లేనివాడు మాత్రమే కొన్నాడు. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో నిర్ణయం అయింది. 12, 28 శ్లాబులు తీసేసి ప్రధానంగా 5, 18 ఉంచారు. పాన్ మసాలా, పెద్ద కార్లలాంటి వాటికి 40 పెట్టారు. ఆటో విడిభాగాలన్నీ 28 నుంచి 18కి వచ్చాయి. అమలు 22 నుంచి. అంటే ఐదు వారాలు సరుకు కదలలేదు. కంపెనీకి డబ్బు మాత్రం గడువుకి కట్టారు, బ్యాంకు ఓడీలోంచి, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ అప్పులోంచి. ఆ రాత్రి లెక్క ముగిసేసరికి క్రెడిట్ ఖాతాలో 1,86,000 కనిపించింది. అది పన్నుకి పనికొస్తుంది. ఓడీ వడ్డీకి పనికిరాదు, కుర్రాడి జీతానికి పనికిరాదు.

మర్నాడు పాడ్యమి. కొండ మీద అమ్మవారు బాలాత్రిపురసుందరి అలంకారంలో ఉన్నారు. వన్‌టౌన్ వైపంతా భక్తులతో నిండిపోయింది. నేను బెంజి సర్కిల్ మీదుగా తొమ్మిదికల్లా ఆటోనగర్ చేరాను, కంప్యూటర్‌లో రేట్లు మార్చాలి. అప్పటికే ఒక లారీ ఓనరు వచ్చి నిలబడి ఉన్నాడు. ఇబ్రహీంపట్నం నుంచి బూడిద తోలే బండి ఆయనది. నెలరోజులుగా షాక్ అబ్జార్బర్లు వాయిదా వేస్తున్నాడట. పాత బిల్లయితే జత 5,632 అయ్యేది, కొత్త బిల్లు 5,192. నాలుగు వందల నలభై మిగిలింది. ఆయన బిల్లు తీసుకుని పన్ను వేసిన చోట వేలు పెట్టి చూసుకున్నాడు. "అబ్బ, నిజంగానే తగ్గింది" అన్నాడు. ఆ మాటకి నాకు చాలా సంతోషం అనిపించింది. ఇన్నేళ్ళుగా పన్నుల లెక్కలు రాస్తున్నాను, పన్ను గడి చూసి నవ్విన మనిషిని అదే మొదటిసారి చూడటం.

రేట్లు మార్చేటప్పుడు ఒక్కచోటే ఆగాల్సి వచ్చింది. ఒకే రాక్‌లో రెండు రేడియేటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి లారీది, ఒకటి ట్రాక్టరుది. లారీ రేడియేటరుకి 18, ట్రాక్టరు రేడియేటరుకి 5. చూపులకి పెద్ద తేడా లేదు. కుర్రాడు పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి కొడితే, రెండేళ్ళ తర్వాత నోటీసు వచ్చినప్పుడు ఆ తేడాకి వడ్డీ కూడా కలుస్తుంది. అందుకని ట్రాక్టరు సామాన్లన్నిటికీ ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించాం.

ఇంట్లో కూడా ఒక మేలు జరిగింది. మా అమ్మ ఆరోగ్య బీమా అక్టోబరులో రెన్యువల్. ప్రీమియం 32,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 5,760 ఉండేది. వ్యక్తులు తీసుకునే ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు కాబట్టి ఈసారి 32,000తోనే అయిపోయింది. డెబ్బై దాటిన మనిషికి పాలసీ నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ వయసు వాళ్ళున్న ఇళ్ళకే తెలుసు.

ఇక్కడిదాకా మంచే చెప్పాను, అంతా నిజమే. ఇప్పుడు రెండు వీధుల అవతల ఉన్న లేత్ షాపు సంగతి చెప్తాను.

అక్కడి అన్నయ్యవి రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్. ఆయనా, ఇద్దరు పనివాళ్ళూ. ఒక పెద్ద యూనిట్ ఇనుప రాడ్లు పంపిస్తుంది. ఈయన టర్నింగ్, త్రెడ్డింగ్ చేసి తిరిగి పంపుతాడు. సరుకు వాళ్ళది, పని ఈయనది. దీన్ని జాబ్ వర్క్ అంటారు. నెలకి రెండు లక్షల బిల్లు అవుతుంది. ఈ పనికి జీఎస్టీ ఇంతకుముందు 12 శాతం. 12 శ్లాబు తీసేసినప్పుడు దేన్ని కిందికి దించుతారు, దేన్ని పైకి తోస్తారు అని చూశాం. విడిగా రేటు పేర్కొనని జాబ్ వర్క్ అంతా 18కి వెళ్ళింది. స్పేర్ పార్టుల షాపుకి 28 నుంచి 18 అయిన రోజునే లేత్ షాపుకి 12 నుంచి 18 అయింది.

"పెరిగితే ఏం? ఆ పన్ను యూనిట్ వాళ్ళే ఇస్తారు, వాళ్ళు క్రెడిట్ తీసుకుంటారు, ఎవరికీ నష్టం లేదు" అంటారు చదువుకున్నవాళ్ళు. కాగితం మీద అది సరైన మాటే. కానీ అక్టోబరు 29న వేసిన రెండు లక్షల బిల్లు తీసుకోండి. దాని మీద పన్ను 36,000. పాత రేటులో 24,000 ఉండేది. అన్నయ్య కొనేది టూల్ బిట్లు, కూలెంట్ ఆయిల్, కాస్త గ్రీజు. వాటి మీద వచ్చే క్రెడిట్ మూడు వేలు దాటదు. ఆయనకి పెద్ద ఖర్చులు రెండే: కూలి, కరెంటు. కూలికి జీఎస్టీ లేదు, కరెంటుకీ లేదు, కాబట్టి వాటి మీద క్రెడిట్ కూడా లేదు. మిగిలిన 33,000 నవంబరు 25లోగా చలాన్ కట్టాలి. యూనిట్ నుంచి ఆ బిల్లు డబ్బు ఈ రోజుకీ రాలేదు. వాళ్ళు మామూలుగా తొంభై రోజులకి ఇస్తారు. అంటే ఎప్పుడు చూసినా మూడు నెలల పన్ను, దగ్గర దగ్గర లక్ష రూపాయలు, తన దగ్గరికి రాని డబ్బు మీద తను ముందుగా కట్టి కూర్చుంటున్నాడు. నవంబరు చలాన్ కోసం రెండు లక్షల చీటీ 31,000 నష్టానికి పాడాడు. కట్టకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ, రిటర్ను కూడా ఆలస్యమైతే రోజుకి యాభై రూపాయల లేటు ఫీజు. రిటర్ను ఆగితే యూనిట్‌కి క్రెడిట్ రాదు, అప్పుడు ఆ పని కూడా పోతుంది.

"ఆదాయపు పన్ను పన్నెండు లక్షల దాకా లేదు కదా, ఆ మేరకు ఊరట కాదా?" అని మా తమ్ముడు అడిగాడు. 2025 బడ్జెట్‌లో కొత్త విధానం కింద అది వచ్చింది, జీతగాళ్ళకయితే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపి 12,75,000 వరకు. ఉద్యోగం చేసే మా తమ్ముడికి నిజంగానే మేలు. కానీ లేత్ అన్నయ్య ఏడాది లాభం ఐదు లక్షలు. ఏడు లక్షల దాకా పన్ను లేదని చెప్పిన నాటికే ఆయన బయటపడి ఉన్నాడు. పన్నెండు చేసినా, పదిహేను చేసినా ఆయన ఇంట్లో మారేదేమీ లేదు. ఆయన బాధ లాభం మీద పన్ను కాదు, బిల్లు మీద పన్ను.

దీనికి మందు చట్టంలో లేకపోలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కి ‘హెచ్’ అని ఒక క్లాజు కలిపారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా ఇవ్వకపోతే కొన్నవాడు ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి లేదు. చూపించలేకపోతే వాడి లాభం పెరుగుతుంది, పన్ను పెరుగుతుంది. ఉద్దేశం చాలా మంచిది. ఆ క్లాజు చదివిన రోజు నేను లేత్ షాపుకి వెళ్ళి దగ్గరుండి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించాను.

ఫలితం వచ్చింది కూడా. ఈ ఏడాది మార్చి 28న యూనిట్ నుంచి పాత బాకీ మొత్తం ఒక్కసారే పడింది. అన్నయ్య నాకు ఫోన్ చేసి "ఏం చేశావమ్మా?" అన్నాడు. నేను చేసిందేమీ లేదు. వాళ్ళ ఆడిటర్ లెక్క చూసి చెప్పి ఉంటాడు. కానీ ఏప్రిల్ రాగానే మళ్ళీ తొంభై రోజులు మొదలయ్యాయి. కారణం ఆ క్లాజులోనే ఉంది. ఏప్రిల్ బిల్లుకి ఆగస్టులో డబ్బిచ్చినా, ఫిబ్రవరిలో ఇచ్చినా, అది అదే ఏడాదిలో పడింది కాబట్టి కొన్నవాడికి పన్నులో నష్టమేమీ లేదు. వాడికి ఒక్క మార్చి నెలే భయం.

ఇంకో లోటు. ఈ రక్షణ తయారీ చేసేవాళ్ళకీ, సేవలందించేవాళ్ళకీ మాత్రమే. కొని అమ్మే వ్యాపారులకి లేదు. బాబాయ్‌కి ట్రాన్స్‌పోర్టుల నుంచి రావాల్సిన బాకీలు లేత్ అన్నయ్య బాకీల కన్నా ఎక్కువ. ఆయనకీ ఉద్యమ్ నంబరు ఉంది, కానీ బాకీ వసూలులో అది అక్కరకు రాదు.

నా మనసులో మాట రాస్తాను. రేట్లు తగ్గించడం అవసరమే, చేశారు, బాగుంది. ఇక చూడాల్సింది తేదీని. చిన్నవాళ్ళు డబ్బు చేతికొచ్చాకే జీఎస్టీ కట్టేలా ఉండాలి. ఇది కొత్త ఆలోచన కాదు. సర్వీస్ టాక్స్ రోజుల్లో, 2012 ఏప్రిల్ నుంచి, 50 లక్షల లోపు సేవలందించే వ్యక్తులూ భాగస్వామ్య సంస్థలూ డబ్బు వచ్చాకే పన్ను కట్టే వెసులుబాటు ఉండేది. జీఎస్టీ వచ్చాక ఆ సౌకర్యం పోయింది. దాన్ని మళ్ళీ తేవడం కష్టమనుకుంటే ఇంకో దారి ఉంది. ఇప్పుడు కొన్నవాడు అమ్మినవాడికి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతేనే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆ 180ని, అమ్మేది సూక్ష్మ సంస్థ అయితే, 45 చేయండి. మార్చి నెల కోసం ఎదురుచూసే పని ఉండదు. ప్రతి నెలా రిటర్ను వేసేటప్పుడు యూనిట్ అకౌంటెంట్‌కి లేత్ షాపు గుర్తుకొస్తుంది. ప్రభుత్వానికి ఒక్క రూపాయి తగ్గదు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది కొత్త ఆదాయపు పన్ను చట్టం. 1961 నాటి చట్టం స్థానంలో 536 సెక్షన్లతో. ఆదాయం వచ్చిన ఏడాదికి ప్రీవియస్ ఇయర్, దాన్ని లెక్కగట్టే మరుసటి ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ అనే జంట పోయి ‘టాక్స్ ఇయర్’ ఒక్కటే ఉంటుంది. ఇది నాకు నిజంగా ఇష్టమైన మార్పు. రెండేళ్ళ కింద నా క్లయింటు ఒకాయన అడ్వాన్స్ టాక్స్ చలాన్‌లో సంవత్సరం తప్పు ఎంచుకుని, దాన్ని సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాడు. అరవై ఏళ్ళ చట్టాన్ని తిరగరాసే ఓపిక ఉన్నవాళ్ళకి 180ని 45 చేయడం పెద్ద పని కాదు.

అందాకా మా ప్రయత్నం మేం చేస్తున్నాం. పోయిన వారం గవర్నర్‌పేటలో ఒక రబ్బరు స్టాంపు చేయించాను. పైన ఉద్యమ్ నంబరు, కింద "చట్ట ప్రకారం 45 రోజుల్లో చెల్లించవలెను" అని. యూనిట్ వాళ్ళ ఆర్డరు కాగితం మీద తొంభై రోజులని ఉన్నా, చట్టం ముందు నలభై ఐదే చెల్లుతుంది. అన్నయ్య ముందు వద్దన్నాడు, "కోపమొచ్చి పని ఆపేస్తారేమో" అని. వాళ్ళావిడ "వేయండి, వాళ్ళడిగితే అకౌంట్లమ్మాయి వేసిందని చెప్పండి" అంది. నేనూ అదే మాట అన్నాను.

నిన్న నవంబరు బిల్లు కాపీల మీద వేశాం. నూనె చేతులతో బిల్లు ముట్టుకోవడం ఇష్టంలేక అన్నయ్య పక్కన నిలబడి చూశాడు. స్టాంపు వాళ్ళావిడే వేసింది, మూడు కాపీల మీదా, తిన్నగా. డిసెంబరు 25న మళ్ళీ 33,000 చలాన్ ఉంది.